కాంక్రీటు చదివి రాతిగోడ కట్టించిన కె.ఎల్.రావు

ఉప్పల్, నాచారం ఇళ్లలో కుళాయి తిప్పితే పడే కృష్ణా నీరు నూరు కిలోమీటర్లకు పైగా నడిచి వస్తుంది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన నీరు అక్కంపల్లి చేరుతుంది. కోదండాపురంలో శుద్ధి అవుతుంది. సాహెబ్‌నగర్ మీదుగా జంటనగరాలకు వస్తుంది. 2004లో ఈ పథకం మొదటి దశ పూర్తయింది. అంతకు ముందు నగరానికి తూర్పున ఉన్న ఈ ఊళ్లకు చెరువులు, బావులే చాలాకాలం దిక్కు.

ఆ నీటిని ఆపి నిలబెట్టిన గోడ ఎత్తు 124 మీటర్లకు పైగా, అంటే 409 అడుగులు. ఢిల్లీలోని కుతుబ్ మినార్ 73 మీటర్లు. దాని నెత్తిన మరో 50 మీటర్లు కట్టినా ఈ గోడకు చాలదు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే ఇంత పెద్దది వేరే లేదని పేరు. ఈ ఆనకట్టకు రూపకల్పన చేసిన వారిలో ముఖ్యులు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. అందరికీ కె.ఎల్.రావుగానే తెలుసు.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. మిగిలిన ఒక్క కంటితోనే జీవితమంతా గీతలు, లెక్కలు చూసుకున్నారు. మద్రాసులో ఇంజనీరింగు చదివారు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుంచి 1939లో డాక్టరేటు పొందారు.

ఆయన పాండిత్యమంతా కాంక్రీటులో. ఇనుప చువ్వలు పెట్టి పోసే కాంక్రీటు మీద ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. అలాంటివారు కృష్ణ మీద కాంక్రీటు డ్యామే కట్టాలని పట్టుబడితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆ రోజుల్లో పంజాబు వైపు సట్లెజ్ నదిపై భాక్రా డ్యాం కాంక్రీటుతోనే లేస్తోంది. దాని ఎత్తు 226 మీటర్లు. విదేశీ యంత్రాలు వచ్చాయి. అమెరికా నిపుణులు వచ్చి దగ్గరుండి పని నడిపించారు.

నందికొండ దగ్గర పరిస్థితి వేరు. దేశంలో సిమెంటు కరువు. యంత్రాలు తెప్పించాలంటే విదేశీ డబ్బు కావాలి. అది ఇంకా కరువు. కృష్ణ గట్టున మాత్రం కొండలకు కొండలే ఉన్నాయి. పని కోసం ఎదురుచూసే చేతులు అటు పల్నాడులోనూ, ఇటు నల్గొండలోనూ, పాలమూరులోనూ కావలసినన్ని. రాయిని సిమెంటు సున్నంలో కూర్చి కట్టాలన్న పక్షాన కె.ఎల్.రావు నిలిచారు.

ఇలాంటి ఆనకట్ట తన బరువుతోనే నీటిని ఆపుతుంది. అడుగున బాగా వెడల్పు, పైకి పోనుపోను సన్నం. ఎంత నీరు నెట్టినా జరగనంత, పడనంత బరువు ఉండాలి. ఆ బరువు కాంక్రీటు వల్ల వచ్చినా, రాయి వల్ల వచ్చినా నీటికి ఒకటే. కాకపోతే రాళ్ల మధ్య సందు మిగలరాదు. సందు మిగిలితే నీరు దారి చేసుకుంటుంది. అందుకే మేస్త్రి చేతి పనితనం మీద కోట్ల రూపాయల పథకం ఆధారపడింది.

1955 డిసెంబర్ 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ అక్కడే ఉండి పని నడిపించారు. కర్రలతో కట్టిన పరంజాల మీద ఆడా మగా వేలమంది బారులు తీరారు. పెద్ద రాయిని తాళ్లతో కర్రకు వేలాడదీసి, ఇటూ అటూ మనుషులు భుజాలకెత్తుకుని పైకి మోశారు. సున్నం గంపలు ఆడవాళ్ల నెత్తిన ఎక్కాయి. గోడ పెరిగేకొద్దీ పరంజా పెరిగింది, మోత పెరిగింది. ఆ పని చేసినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ వరుసగా దొరకవు.

మునిగిన లోయ కూడా చిన్నది కాదు. నాగార్జునకొండ బౌద్ధ శిథిలాలను తవ్వి తీసి, కొన్నిటిని కొండమీదికి చేర్చారు. ఆ కొండ ఇప్పుడు నీటి మధ్య దీవి. లోయలో కాపురమున్న రైతులు, లంబాడీలు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లారు. రాళ్లకు దొరికినంత శ్రద్ధ వారికి దొరికిందని చెప్పలేం.

1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. 26 గేట్లు అమర్చడం 1974 నాటికి పూర్తయింది. అయితే గట్టు పక్కనే ఉన్నా నల్గొండ జిల్లా మెట్ట ప్రాంతాలకు నీరు ఎక్కలేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి అక్కడి జనం ఎముకలు వంకర్లు పోయాయి. ఎత్తిపోతల పథకం వచ్చేదాకా వారు దశాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చింది. మొదట 408 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక చేరి తర్వాతి లెక్కల్లో 312కు తగ్గింది.

కె.ఎల్.రావు 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1967లోనూ, 1971లోనూ గెలిచారు. 1963లో పద్మభూషణ్ అందుకున్నారు. అదే ఏడు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ చేపట్టి నెహ్రూ, శాస్త్రి, ఇందిర ముగ్గురి హయాంలోనూ పనిచేశారు. తన జీవితకథకు క్యూసెక్కుల అభ్యర్థి అనే అర్థం వచ్చే పేరు ఇంగ్లీషులో పెట్టుకున్నారు. 1972లో గంగను కావేరితో కలపాలని 2,640 కిలోమీటర్ల కాలువ పథకం ముందు పెట్టారు. నీటిని ఎత్తిపోయడానికే విపరీతమైన విద్యుత్తు కావలసి రావడంతో అది కాగితం దాటలేదు.

1986 మే 18న ఆయన కన్నుమూశారు. సాగర్‌కు దిగువన పులిచింతల దగ్గర కట్టి 2013లో ప్రారంభించిన ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. ఉప్పల్ పక్కగా పారే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సాగర్ నుంచి వచ్చి ఇక్కడ వాడుకోగా మూసీలోకి వదిలిన నీరు ఆ దారినే దిగి పులిచింతల చేరుతుంది.