అటోల్‌ను చూడకముందే దాని పుట్టుకను ఊహించిన డార్విన్

చార్లెస్ డార్విన్ అనగానే జీవపరిణామ సిద్ధాంతం గుర్తుకు వస్తుంది. ఆ గ్రంథం వెలువడడానికి పదిహేడేళ్ల ముందు, 1842లో, ఆయన పగడపు దీవులపై ఒక పుస్తకం ప్రచురించారు. నడిసముద్రంలో ఉంగరంలా కనిపించే అటోల్‌లు ఎలా ఏర్పడతాయన్న ప్రశ్నకు అందులో సమాధానం ఉంది. ఆ సమాధానం రుజువు కావడానికి 110 ఏళ్లు పట్టింది.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో, వైద్యుడి కుటుంబంలో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యవిద్యలో చేరి మధ్యలోనే మానేశారు. కేంబ్రిడ్జిలో పట్టా పొందిన ఏడాదే, 1831 డిసెంబర్ 27న, బీగిల్ నౌకలో ప్రపంచయాత్రకు బయలుదేరారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

పగడాలు సున్నపు గూళ్లు కట్టుకునే చిన్న జీవులు. తరతరాల గూళ్లు పేరుకుని దిబ్బలవుతాయి. దిబ్బలు కట్టే పగడాలు వెచ్చని, వెలుతురు సోకే పైనీటిలోనే బతుకుతాయి. అటోల్‌ల చుట్టూ సముద్రం మాత్రం అగాధంగా ఉంటుంది. అంత లోతు నుంచి దిబ్బ ఎలా లేచింది? మునిగి ఉన్న అగ్నిపర్వత బిలాల అంచులపై పగడాలు పెరిగాయని నాటి ప్రముఖ భూగర్భశాస్త్రవేత్త చార్లెస్ లయెల్ భావించారు. లయెల్ గ్రంథాన్ని నౌకలో శ్రద్ధగా చదివిన డార్విన్‌కు ఈ ఒక్క విషయంలో తృప్తి కలగలేదు. అన్ని బిలాల అంచులూ సముద్రమట్టానికి ఇంచుమించు ఒకే దూరంలో ఆగిపోవడం ఆయనకు నమ్మశక్యంగా తోచలేదు.

దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఆయనకు దారి దొరికింది. 1835 ఫిబ్రవరి 20న చిలీని భూకంపం కుదిపింది. కాన్సెప్సియన్ ప్రాంతంలో తీరం కొన్ని అడుగులు పైకి లేచింది. రాళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు నీటికి పైన ఎండిపోయి కనిపించాయి. ఒకచోట నేల పైకి లేస్తుంటే మరోచోట సముద్రగర్భం కుంగుతూ ఉండవచ్చునని డార్విన్ తర్కించారు. అప్పటికి ఆయన నిజమైన పగడపు దిబ్బను ఒక్కదాన్నీ చూడలేదు.

ఆయన ఊహ ఇలా సాగింది. సముద్రంలో పుట్టిన అగ్నిపర్వత దీవి ఒడ్డును ఆనుకుని మొదట పగడపు దిబ్బ ఏర్పడుతుంది. కాలక్రమంలో దీవి మెల్లగా కుంగుతుంది. పగడాలు వెలుతురు కోసం అదే వేగంతో పైకి పెరుగుతాయి. దీవి చిన్నదై దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీరు చేరుతుంది. చివరకు పర్వతశిఖరం పూర్తిగా మునిగిపోతుంది. పగడపు వలయం, దాని నడుమ నిలకడైన నీరు మాత్రమే మిగులుతాయి. అదే అటోల్.

ఆ ఏడాది నవంబర్‌లో తాహితీ కొండ పైనుంచి పగడపు వలయం నడుమ ఉన్న మూరియా దీవిని చూసినప్పుడు రెండో దశ కళ్లకు కట్టింది. 1836 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో మూడో దశ కనిపించింది. అక్కడ ఒడ్డుకు సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో నౌకాధిపతి ఫిట్జ్‌రాయ్ 7,200 అడుగుల తాడు వదిలినా అడుగు తగల్లేదు. 1837లో డార్విన్ వాదన విన్న లయెల్ తన అభిప్రాయాన్ని సంతోషంగా వదులుకున్నారు.

కానీ డార్విన్ చివరి రోజుల్లో మళ్లీ సందేహాలు లేచాయి. 1880లో జాన్ మర్రే, నేల కుంగకుండానే అటోల్‌లు ఏర్పడగలవని వాదించారు. పట్టుదలకు పోకుండా, ఎవరైనా ధనవంతుడు అటోల్‌లను లోతుగా తవ్విస్తే నిజం తేలుతుందని 72 ఏళ్ల డార్విన్ ఒక లేఖలో ఆశపడ్డారు. ఆ కోరిక తీరకుండానే 1882 ఏప్రిల్ 19న కన్నుమూశారు.

1896-98 మధ్య పసిఫిక్‌లోని ఫునాఫుటి అటోల్‌లో 340 మీటర్ల లోతుకు తవ్వినా పునాది రాయి తగల్లేదు. 1952లో ఎనివెటోక్ అటోల్‌లో 1,200 మీటర్లకు పైగా సున్నపురాయిని దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. డార్విన్ మాట నిలిచింది. హిమయుగాల్లో సముద్రమట్టం పడిలేవడం కూడా అటోల్‌ల రూపాన్ని మలచిందని తరువాతి పరిశోధనలు చేర్చాయి.

మన దేశంలో అటోల్‌లు లక్షద్వీప్‌లో ఉన్నాయి. వాటి కింది శిలలకు, తెలంగాణలోని వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరాతికి మూలం భూగర్భంలోని ఒకే వేడి కేంద్రమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్ వాసులకు అందుబాటులోని దిఘా తీరంలో మాత్రం పగడపు దిబ్బలు కనిపించవు. హుగ్లీ తెచ్చే ఒండ్రు, మంచినీరు కలిసిన బురద సముద్రం వాటికి గిట్టదు.

వెచ్చదనం కోరే పగడాలకు అతివేడి ప్రాణాంతకం. నీరు మితిమీరి వేడెక్కితే, తమకు ఆహారం, రంగు ఇచ్చే సూక్ష్మశైవలాలను కోల్పోయి తెల్లబడతాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లలో ఇదే జరిగింది. డార్విన్ చెప్పిన అటోల్ బతికి ఉన్న పగడంపైనే నిలుస్తుంది. సముద్రం పైకి వస్తున్న వేళ పగడం పెరగడం ఆగిపోతే, కొద్ది మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న ఆ దీవులకూ, వాటిపై బతుకుతున్న ప్రజలకూ రక్షణ కరవవుతుంది.