ఎవరి కోసమో వచ్చిన జనం ముందు బాబ్ మార్లీ

1973 అక్టోబర్. అమెరికాలోని లాస్ వేగాస్‌లో జమైకా నుంచి వచ్చిన ఓ సంగీత బృందం దాదాపు రోడ్డున పడింది. స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ అనే పేరుమోసిన అమెరికన్ బృందం కచేరీలకు ముందు పాడటానికి వాళ్ళను పెట్టుకున్నారు. మొత్తం 17 కచేరీలకు మాట. నాలుగైదు అయ్యాయో లేదో, ఇక మీరు అక్కర్లేదని చెప్పేశారు. చేతిలో డబ్బు అంతంత మాత్రం, ఊరు కొత్త, ఆదుకునే మనిషి లేడు. ఆ బృందం పేరు వెయిలర్స్. ముందు నిలబడి పాడే 28 ఏళ్ళ కుర్రాడు బాబ్ మార్లీ.

ఇవాళ మన ఊళ్ళలో ఫుట్‌పాత్ మీద కూడా ఆ జడల తల ఉన్న టీషర్టు దొరుకుతుంది. వేసుకునే పిల్లల్లో చాలామందికి ఆ మనిషి ఎవరో తెలియదు, అది వేరే సంగతి.

పెద్ద గాయకుడు రాకముందు అరగంటో ముప్పావుగంటో చిన్న బృందం చేత పాడించడం పాశ్చాత్య కచేరీల్లో ఆనవాయితీ. ముషాయిరాలకు వెళ్ళే అలవాటున్న ఇళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పేరున్న షాయర్ రాత్రి బాగా పొద్దుపోయాక గానీ మైకు ముందుకు రాడు. అంతవరకు కొత్తవాళ్ళు చదువుతుంటే జనం చాయ్ తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ, మరీ విసుగొస్తే గోల చేస్తూ కూర్చుంటారు. మార్లీ అమెరికాలో ముందుగా నిలబడింది అలాంటి మైకుల ముందే.

ఆయన పుట్టింది 1945 ఫిబ్రవరి 6న, జమైకాలోని సెయింట్ ఆన్ ప్రాంతంలో నైన్ మైల్ అనే కొండ పల్లెలో. తల్లి సెడెల్లా నల్లజాతి రైతు కుటుంబం పిల్ల. తండ్రి నార్వల్ మార్లీ తెల్లవాడు, వయసులో ఆమె కంటే ఎంతో పెద్ద. పెళ్ళయింది గానీ కాపురం నిలవలేదు. కొడుకు తండ్రిని చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే. పదేళ్ళు వచ్చేసరికి ఆ తండ్రీ పోయాడు. తర్వాత తల్లీ కొడుకులు రాజధాని కింగ్‌స్టన్‌లో ట్రెంచ్ టౌన్ అనే పేదల బస్తీకి చేరారు. అక్కడ రంగు కాస్త తేలికగా ఉన్నందుకు పిల్లవాడికి వెక్కిరింపులు. తెల్లవాళ్ళకు నల్లవాడు, నల్లవాళ్ళకు తెల్లవాడు అన్నట్టు తయారైంది బతుకు.

చదువు ఆపేసి వెల్డింగ్ పనికి కుదిరాడు. ఓ రోజు ఇనుప రజను కంట్లో పడింది. ఆ పని అక్కడితో సరి. 1962లో పదిహేడేళ్ళకు మొదటి రికార్డు వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది పీటర్ టోష్, బన్నీ లివింగ్‌స్టన్‌లతో కలిసి వెయిలర్స్ మొదలుపెట్టాడు. బస్తీ కుర్రాళ్ళను కాస్త తగ్గమని చెప్పే వాళ్ళ పాట 1964లో జమైకాలో మొదటి స్థానానికి వెళ్ళింది. పేరొచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. 1966 ఫిబ్రవరిలో రీటాను పెళ్ళి చేసుకుని, వెంటనే అమెరికాలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళి డెలావేర్‌లో ఫ్యాక్టరీ పనులు చేశాడు. నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చి మళ్ళీ పాటే పట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే రాస్తఫారీ విశ్వాసం వైపు తిరిగాడు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దైవంగా కొలిచే విశ్వాసం అది. తౌహీద్‌ను నమ్మే మన ఇళ్ళకు అది ఎంతమాత్రం సమ్మతం కాదు. గంజాయిని వాళ్ళు ఆరాధనలో భాగం అనుకుంటారు, మార్లీ కూడా జీవితాంతం వదల్లేదు. దాన్ని దాచిపెట్టి ఆయన కథ చెప్పడం కుదరదు. అయితే ఆ విశ్వాసం వెనకున్న బాధ అర్థమవుతుంది. బానిసలుగా ఓడల్లో తెచ్చిన మనుషుల మనవళ్ళు తమదంటూ ఒక నేలను వెతుక్కున్నారు. నజాషీ రాజు తొలి ముస్లింలకు ఆశ్రయమిచ్చిన హబషా నేల కూడా ఆ వైపుదే. పంది మాంసం ముట్టకపోవడం లాంటి కొన్ని అలవాట్లు కూడా వాళ్ళకు ఉన్నాయి.

1972లో లండన్‌లో చేతిలో పైసా లేకుండా చిక్కుకుపోయినప్పుడు ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్‌ను కలిశారు. ఆయన ఆల్బమ్ చెయ్యమని 4,000 పౌండ్లు చేతిలో పెట్టాడు. ఎగ్గొట్టి పోతారని చుట్టూ ఉన్నవాళ్ళు హెచ్చరించారట. వాళ్ళు పోలేదు, రికార్డు చేసి తెచ్చారు. బ్లాక్‌వెల్ లెక్క వేరే. రాక్ సంగీతం వినే తెల్ల కుర్రాళ్ళకు ఇది అమ్మాలి. అందుకని లండన్‌లో అమెరికన్ వాద్యకారుల చేత గిటారు, కీబోర్డు అదనంగా వాయించి పైన చేర్చాడు. 1973 ఏప్రిల్‌లో క్యాచ్ ఎ ఫైర్ పేరుతో బయటికొచ్చింది. పత్రికలు మెచ్చుకున్నాయి. అమ్మకాలు మాత్రం మొదట్లో పెద్దగా లేవు.

అమ్మకాలు పెరగాలంటే ఊరూరా తిరగాలి, పేరు లేనివాడు పేరున్నవాడి ముందు పాడాలి. బ్రిటన్ తిరుగుడుతోనే బన్నీకి విసుగొచ్చింది. చలి పడలేదు, తిండి పడలేదు. అమెరికాకు రానన్నాడు. అతని చోట, ట్రెంచ్ టౌన్‌లో వీళ్ళకు పాడటం నేర్పిన జో హిగ్స్ వెళ్ళాడు. జులైలో న్యూయార్క్‌లోని మ్యాక్సెస్ కాన్సాస్ సిటీ అనే చిన్న క్లబ్బులో కొన్ని రోజుల పాటు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కు ముందు పాడారు. అప్పటికి స్ప్రింగ్‌స్టీన్ కూడా ఒక్క ఆల్బమ్ వేసిన కొత్తవాడే. ఇరుకు గది, కొత్తదేదైనా వినడానికి తయారుగా ఉన్న జనం. అక్కడ వాళ్ళ పాట ఎక్కింది.

స్లై జనం అలా కాదు. అప్పటికి స్లై అమెరికాలో పెద్ద తార. మెరిసే బట్టలు, కుప్పిగంతులు, గంట కొట్టినట్టు పడే దెబ్బ. వాళ్ళ ఫంక్ సంగీతంలో నాలుగు మాత్రల్లో మొదటిదే మహారాజు, కాలు దాని మీదే పడుతుంది. రెగేలో సరిగ్గా ఆ మొదటి మాత్రను ఖాళీగా వదిలేస్తారు. డ్రమ్ము దెబ్బ మూడో మాత్ర మీద పడుతుంది. గిటారు మాత్రకూ మాత్రకూ మధ్య చిన్నగా గీకి ఊరుకుంటుంది. మన చెవికి వెనక ఎక్కడో వినిపించే బేస్ గిటారు ఇక్కడ ముందుండి పాటను నడిపిస్తుంది. అలవాటు లేనివాడు చప్పట్లు కొట్టబోతే చెయ్యి గాల్లో ఆగిపోతుంది. పైగా వేగం తక్కువ. మాట జమైకా యాసలో, అమెరికన్ నల్లవాళ్ళకు కూడా సగమే అర్థమయ్యేది. మామూలు బట్టల్లో వచ్చి, కళ్ళు మూసుకుని పాడే ఈ మనుషులను ఏం చేసుకోవాలో ఆ జనానికి తెలియలేదు.

ఎందుకు తీసేశారన్నదానికి రెండు కథలున్నాయి. వెయిలర్స్ మరీ బాగా పాడి అసలు తారను మరిపించేస్తున్నారు గనుక తీసేశారని ఒకటి. జనానికి ఎక్కలేదు గనుక తీసేశారని రెండోది. అభిమానులకు మొదటిదే ఇష్టం, అది సహజం. కానీ తర్వాత ఏళ్ళలో జరిగింది చూస్తే రెండోదే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. తారను మరిపించేంతగా ఆ జనానికి నచ్చి ఉంటే, అమెరికా నల్లజాతి శ్రోతల కోసం మార్లీ మరో ఏడేళ్ళు తంటాలు పడాల్సిన అవసరం ఉండేది కాదు.

లాస్ వేగాస్ నుంచి ఎలాగో శాన్ ఫ్రాన్సిస్కో వైపు చేరుకున్నారు. అక్టోబర్ 31న సాసలిటోలోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో కొద్దిమంది ఎదుట పాడారు. కేఎస్ఏఎన్ రేడియో దాన్ని ప్రసారం చేసింది. ఎవరి కోసమో కాకుండా వాళ్ళ కోసమే వచ్చిన ఆ గుప్పెడు మంది ముందు వాళ్ళు ఎలా పాడారో, 1991లో టాకిన్ బ్లూస్ ఆల్బమ్‌లో ఆ రికార్డింగులు వచ్చాక అందరికీ తెలిసింది.

1974లో పీటర్, బన్నీ విడిపోయారు. అదే ఏడాది మార్లీ పాట ఒకటి ఎరిక్ క్లాప్టన్ అనే తెల్ల గిటారిస్టు పాడితే అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అదే రెగే, అదే మాట, పాడిన మొహం వేరు. 1975 జులైలో లండన్ లైసియం కచేరీల తర్వాత మార్లీకి ఇంకొకరి ముందు పాడే అవసరం తగ్గిపోయింది. ఆ కష్టం పీటర్ టోష్‌కు మాత్రం తప్పలేదు. 1978లో రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనలో, స్టోన్స్ కోసం ఎదురుచూసే జనం ముందు ఆయన నిలబడ్డాడు. కొన్ని రాత్రులు మిక్ జాగర్ స్వయంగా వచ్చి పక్కన పాడేవాడు.

మధ్యలో మార్లీ బతుకులో జరిగినవి ఒక్కోటీ ఒక్కో పుస్తకం. 1976 డిసెంబర్ 3న ఇంట్లో చొరబడి కాల్చారు. ఆయనకు, రీటాకు, మేనేజర్‌కు తూటాలు తగిలాయి. రెండు రోజుల తర్వాత ఆ గాయంతోనే వేదికెక్కి పాడాడు. 1977లో కాలి బొటనవేలికి క్యాన్సర్ అని తేలింది. వేలు తీసేయడానికి ఒప్పుకోలేదు. 1978 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్ వేదిక మీదికి బద్ధశత్రువులైన ప్రధాని మైకేల్ మ్యాన్లీని, ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సియాగాను పిలిచి, ఇద్దరి చేతులూ కలిపి పట్టుకున్నాడు. 1980 ఏప్రిల్‌లో సొంత ఖర్చుతో సామాన్లు తరలించి జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకలో పాడాడు. ఆ జూన్‌లో ఇటలీలో మిలాన్ స్టేడియానికి దాదాపు లక్ష మంది వచ్చారు.

ఇంత జరిగినా ఒక లోటు ఉండిపోయింది. అమెరికాలో ఆయన కచేరీలకు వచ్చేది ఎక్కువగా తెల్ల కాలేజీ కుర్రాళ్ళు. ఎవరి బాధను పాడుతున్నాడో ఆ నల్లవాళ్ళ రేడియో స్టేషన్లు ఆయన పాటలను పెద్దగా వేసేవి కావు. ఇది ఆయన్ను కలచివేసింది. 1979 అక్టోబర్‌లో హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో పాడింది అందుకే. మరుసటి ఏడాది ఇంకో మెట్టు దిగాడు. దిగాడు అనాలో ఎక్కాడు అనాలో. 1980 సెప్టెంబర్ 19, 20 తేదీల్లో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నల్లజాతి శ్రోతలకు ఎంతో ఇష్టమైన కమోడోర్స్ బృందానికి ముందు పాడటానికి ఒప్పుకున్నాడు. లక్ష మందిని రప్పించిన మనిషి మళ్ళీ జనం చాయ్ తాగే చోట నిలబడటానికి సిద్ధపడ్డాడన్నమాట. అహం అడ్డొస్తే ఆ పని జరగదు.

ఈసారి జనం లేచి నిలబడ్డారు. కమోడోర్స్ పాటలు తియ్యటివి, లయొనెల్ రిచీ గొంతు మెత్తటిది. కానీ మార్లీ దిగిపోయాక ఆ హాల్లో మళ్ళీ అంత వేడి రాలేదని, కొందరైతే అసలు బృందం రాకముందే ఇళ్ళకు బయలుదేరారని చూసినవాళ్ళు చెప్పుకుంటూ వచ్చారు. 1973లో చెయ్యి గాల్లో ఆగిన చోటే ఇప్పుడు చప్పట్లు సరిగ్గా పడ్డాయి.

మరునాడు, సెప్టెంబర్ 21న, సెంట్రల్ పార్కులో పరుగెడుతూ కుప్పకూలాడు. క్యాన్సర్ మెదడు దాకా పాకిందని డాక్టర్లు చెప్పారు. అయినా 23న పిట్స్‌బర్గ్‌లో పాడాడు. అదే ఆఖరి కచేరీ. జర్మనీలో కొన్ని నెలలు వైద్యం చేయించుకుని, ఇక లాభం లేదని తేలాక జమైకాకు బయలుదేరాడు, చేరలేదు. 1981 మే 11న మయామీ ఆస్పత్రిలో కన్నుమూశాడు. వయసు 36.

మే 21న కింగ్‌స్టన్‌లో ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికి, పుట్టిన నైన్ మైల్‌కు తీసుకెళ్ళారు. దారి పొడవునా రోడ్డుకు రెండు వైపులా జనం నిలబడి ఉన్నారు. కొండ మీది ఆ పల్లెలో, చిన్నప్పుడు ఉన్న ఇంటి పక్కనే, గిటారుతో పాటు సమాధి చేశారు.