గ్రిఫిత్ ఎవాన్సు: పశువైద్యుని చదువు

చంద్రపూరు జిల్లాలోని ఘుగ్గుస్ బొగ్గుగనుల యూరు. గనిపనికై వచ్చి యచ్చట స్థిరపడిన తెనుగు కుటుంబములు పెక్కు గలవు. ఆ యింటి బిడ్డ యొకడు పశువైద్యుడు గాదలచినచో, నేడు జీవశాస్త్రముతో పండ్రెండవ తరగతి ముగించి, నీట్ పరీక్ష వ్రాసి, 1958లో నెలకొల్పబడిన నాగపూరు పశువైద్య కళాశాలలో చేరుటకు ప్రయత్నింపవచ్చును. చదువు ఐదున్నర యేండ్లు. అందు తుది సంవత్సరము చికిత్సాలయములలో పని నేర్చుటకే. ఎద్దునకు మందుపోయుట కింత చదువేల యని ముక్కుపై వ్రేలిడు పెద్దలు నేటికిని గలరు. గ్రిఫిత్ ఎవాన్సు చరిత్ర వారికొరకే యున్నట్లు తోచును.

ఎవాన్సు 1835లో వేల్సుదేశమున జన్మించెను. లండనులోని రాజకీయ పశువైద్య కళాశాలలో చదివి 1855లో పట్టము పొందెను. 1860లో ఫిరంగిదళమున అశ్వవైద్యుడై, పిమ్మట కెనడాకు పంపబడెను. గుర్రపుసాలల పని చూచుకొనుచునే మాంట్రియలులోని మెగిల్ విశ్వవిద్యాలయమున మనుష్యవైద్యము నభ్యసించి, 1864లో ఎం.డి. యయ్యెను. గుర్రములను జూచు నుద్యోగమున కా పట్టము నెవరును గోరలేదు. అది యాతని స్వంత యాకలి. ఆ యేడే అమెరికా యంతర్యుద్ధమును జూడబోయి లింకనును గలిసికొనెనట. అది వేరు కథ.

1877లో హిందూదేశమునకు వచ్చెను. 1880లో, నేడు పాకిస్తానులో నున్న డేరా ఇస్మాయిల్ ఖాను ప్రాంతమున సేనల గుర్రములు, ఒంటెలు జ్వరముతో శుష్కించి, కాళ్లు వాచి, నెత్తురు తరిగి చచ్చుచుండెను. అచ్చటివారు దానిని సర్రా యనిరి. పెద్ద యీగలు కుట్టుటచే వచ్చునని కూడ వారు చెప్పిరి. ఎవాన్సు రోగగ్రస్తమైన గుర్రపు నెత్తుటిబొట్టును సూక్ష్మదర్శనిక్రింద నుంచి చూడగా, మెలికలు తిరుగుచు ఈదులాడు జీవులు గానవచ్చెను. ఆ నెత్తుటిని ఆరోగ్యముగల జంతువుల కెక్కింపగా వానికిని రోగము వచ్చెను.

ఇంతకంటె నేమి ఋజువు కావలయును? కాని యధికారులు నమ్మలేదు. అంతకు కొలది కాలము ముందే, కలకత్తా యెలుకల రక్తమున ఇట్టి జీవులనే లూయీసను వైద్యుడు చూచియుండెను. ఎలుకలు సుఖముగనే యున్నవి గదా, కావున ఈ జీవులవలన హానిలేదని పెద్దల సిద్ధాంతము. ఒక సైనిక పశువైద్యుని మాట దాని ముందు నిలువలేదు. ఎలుకకు హాని చేయనిది గుర్రమును చంపవచ్చునను సంగతి నేటి విద్యార్థికి మొదటి పాఠములలోనిది. నాడు దానిని చెప్పిన యాతని కెదురైనది నిరాదరణమే.

1885లో బర్మా కంచరగాడిదలయందు జాన్ హెన్రీ స్టీలు ఆ జీవినే చూచి, దాని జాతిని పొరబడినను, దానికి ఎవాన్సు పేరు పెట్టెను. ఆ స్టీలే 1886లో బొంబాయి పశువైద్య కళాశాలకు ప్రథమాధ్యక్షుడు. 1895లో బ్రూసు ఆఫ్రికాలో నగానా రోగమునకు ఆ వంశపు జీవియే కారణమని చూపిన పిదప శంకలు తొలగెను. జోరీగలు సర్రాను వ్యాపింపజేయునని 1901లో రోజర్సు నిరూపించెను. డేరా ఇస్మాయిల్ ఖాను పామరులు చెప్పినదియు నదియే.

సర్రా గుర్రమునకు ప్రాణాంతకము. గేదె పెక్కుమారులు రోగమును పైకి గనబరచకయే మోయును. పాలు తగ్గినవని యజమాని వగచునేగాని, కారణము నెత్తుటిచుక్కను పరీక్షించినగాని తెలియదు.

ఎవాన్సు 1890లో కొలువు విరమించెను. 1917లో లివర్పూలు ఉష్ణమండల వైద్యవిద్యాలయమువారు మేరీ కింగ్స్‌లీ పతకమిచ్చి గౌరవించిరి. నూరేండ్లు నిండిన పిమ్మట 1935లో మరణించెను. 1903లో ఆరంభమైన చెన్నపురి పశువైద్య కళాశాల ఆ మరుసటి యేడే, 1936లో, విశ్వవిద్యాలయమునకు అనుబంధమై పశువైద్యమునకు పట్టమిచ్చు చదువును ప్రారంభించెను.