రాయవేలూరు డాక్టరమ్మ

(బి.యస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి)

మహనీయుల జీవితాలు అనగానే మనకు గాంధీజీ, వివేకానందుడు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గుర్తుకు వస్తారు. వారిని గురించి రాయగల మిత్రులు మన కాలేజీలో చాలామంది వున్నారు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇంటింటా మేలు పొంది కూడా పేరు మరిచిపోయిన ఒక మనిషిని గురించి నేను నాలుగు మాటలు రాయదలచాను. మా పక్క ఎవరికైనా జబ్బు ముదిరిందంటే పెద్దవాళ్ళు చూపే దారి ఒకటే, రాయవేలూరు. పాడావును అమ్మి అయినా, శెనక్కాయల పంట మీద అప్పు తెచ్చి అయినా అక్కడికి పోతారు. ఆ ఆసుపత్రికి పునాది వేసిన డాక్టరమ్మ పేరు ఐడా సోఫియా స్కడ్డర్.

ఆమె 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించింది. ఆనాడు రాణిపేట, వేలూరు, చిత్తూరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. జిల్లా కచేరి కూడా చిత్తూరులోనే వుండేది. 1911లో గాని మన చిత్తూరు జిల్లా వేరుపడలేదు. కనుక ఆమెను మన జిల్లా ఆడబిడ్డ అన్నా తప్పులేదు. ఆమె తాత జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా నుంచి ఓడ ఎక్కి వచ్చిన మిషనరీ వైద్యుడు. తండ్రీ వైద్యుడే. మా అవ్వ వాళ్ళ అవ్వ చెప్పిన ధాత కరువు, అంటే 1876-78 నాటి మహా కరువు, ఐడా చిన్నతనంలోనే వచ్చింది. ఆకలితో రాలిపోయే పిల్లకాయలను ఆమె కళ్ళారా చూసింది. ఆ భయం మనసులో నాటుకుపోయిందేమో, పెద్దయ్యాక ఈ దేశంలో వుండకూడదు, అమెరికాలోనే సుఖంగా బతకాలి అని ఆమె నిశ్చయించుకుంది.

అక్కడ చదువుకుంటూ వుండగా తల్లికి జబ్బు చేసిందని కబురు వచ్చింది. చూసిపోదామని 1890లో తిండివనం వచ్చింది. అక్కడ ఒక రాత్రి జరిగిన సంగతి ఆమె బతుకును మార్చేసింది. ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు మగవాళ్ళు వాకిట్లోకి వచ్చారు. ముగ్గురి భార్యలూ కాన్పు కాక ప్రాణాపాయంలో వున్నారు. తన తండ్రి డాక్టరు, ఆయన్ను పంపిస్తానని ఆమె చెప్పింది. పరాయి మగవాడు ఆడవాళ్ళను తాకరాదని ముగ్గురూ వెనక్కు పోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. మందు లేక కాదు, డాక్టరు లేక కాదు. మనుషుల మనసులో వున్న అడ్డుగోడ వల్ల ఆ మూడు ప్రాణాలూ పోయాయి. ఆ ఉదయమే తాను డాక్టరు కావాలని ఐడా నిర్ణయించుకుంది.

అమెరికా తిరిగి వెళ్ళి, మొదట ఫిలడెల్ఫియాలో, తరువాత న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో చదివి 1899లో పట్టా పుచ్చుకుంది. ఆసుపత్రి కట్టడానికి ఒక బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1900 సంవత్సరం మొదట్లో ఈ గడ్డ మీద అడుగు పెట్టింది. అదే ఏడు తండ్రి కన్ను మూశాడు. ఇంట్లోనే ఒక్క మంచంతో వైద్యం మొదలు పెట్టింది. రోజులు గడిచినా జనం నమ్మి రాలేదు. తరువాత తరువాత తట్టుకోలేనంతమంది వచ్చారు. 1902లో వేలూరులో 40 పడకల ఆసుపత్రి తెరిచింది. రాలేనివాళ్ళ కోసం తానే పోయేది. మన పలమనేరుకు కింద వుండే గుడియాత్తం రోడ్డులో వారం వారం ఎద్దుల బండి మీద, తరువాత కారులో పోతూ, చెట్ల కింద ఆగి వైద్యం చేసేది. ఆ కారును చూసి జనం దెయ్యమని పరుగెత్తారని చెప్పుకుంటారు.

ఒక్క డాక్టరమ్మ ఎంతమందిని చూడగలదు? అందుకే 1918లో ఆడపిల్లలకు మెడికల్ స్కూలు పెట్టింది. ఆడపిల్లలు చేరరు, చేరినా చదవలేరు అన్నవాళ్ళు కొందరు. ఆ మొదటి ఏడాది పరీక్ష రాసిన అమ్మాయిలు అందరూ పాసయ్యారు. ముందుముందు స్కూలు చదువు చాలదు, డిగ్రీ వుండాలని మద్రాసు ప్రభుత్వం నియమం పెట్టగానే, డెబ్బయి ఏండ్ల వయసులో అమెరికా పోయి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసింది. 1942లో మద్రాసు యూనివర్శిటీ గుర్తింపు వచ్చింది. 1946లో ఆమె బాధ్యతలు దిగింది. ఆ తరువాత ఆ సంస్థను నడిపిన మొదటి భారతీయురాలు మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ కావడం తెలుగువారికి గర్వకారణం. ఐడా పెండ్లి చేసుకోలేదు. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో కన్ను మూసింది.

ఆమె బతికి వుండగానే, 1949లో, మన దేశంలో మొట్టమొదటి నరాల శస్త్రచికిత్స విభాగాన్ని డాక్టర్ జేకబ్ చాండీ అక్కడ ప్రారంభించాడు. ఈ సంగతి నాకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. రెండేండ్ల కిందట మా వూళ్ళో ఆరేండ్ల పిల్లకాయ ఒకడు బడి నుంచి వస్తానే కుప్పకూలినాడు. మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయినాయి. పక్షవాతం ముసలోళ్ళకు గదా వచ్చేది, ఇది గాలి సోకడమే అన్నారు. తాయెత్తు కట్టినారు, పసరు పోసినారు. మూడో దినం ఆసుపత్రికి పోతే తెలిసింది, పుట్టుకతో గుండెలో వున్న లోపం వల్ల రక్తపు గడ్డ మెదడుకు పోయిందని. వాడు బతికినాడు, బడికీ పోతా వుండాడు, గాని పలక ఎడమ చేత్తోనే రాస్తాడు.

మిత్రులారా, పిల్లలకూ పక్షవాతం వస్తుంది. కడుపులో వున్న బిడ్డకు కూడా రావచ్చు. పెద్దవాళ్ళకు బి.పి., షుగరు, పొగతాగడం ప్రధాన కారణాలైతే, పిల్లల్లో కారణాలు వేరు. గుండె లోపాలు, కీళ్ళవాతం జ్వరం వల్ల చెడిన గుండె కవాటాలు, కొడవలి కణాల రక్తహీనత, మెదడు పొరలకు పట్టే క్షయ, ఆటలమ్మ పోసిన కొన్ని నెలలకు నాళం వాచడం, మెడకు దెబ్బ తగలడం ఇందులో కొన్ని. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఆరిపోయినా మెదడు సిరల్లో రక్తం గడ్డ కట్టవచ్చు. మోయమోయ అనే జబ్బులో మెదడుకు పోయే పెద్ద నాళాలు క్రమంగా సన్నబడతాయి. చుట్టూ పుట్టే చిన్న నాళాలు ఎక్స్‌రేలో పొగలాగా కనబడతాయి కనుక జపాను వైద్యులు ఆ పేరు పెట్టారు. పుట్టుకతో చిక్కుపడిన నాళాలు పగిలి రక్తస్రావం కావడం మరొక రకం.

ఒక పక్క ఉన్నట్టుండి బలం తగ్గడం, మూతి వంకర, మాట తడబడడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, మూర్ఛ, ఇవే గుర్తులు. పసిబిడ్డల్లో మూర్ఛ ఒక్కటే కనిపించవచ్చు. ఏడాది నిండని బిడ్డ ఎప్పుడూ ఒకే చేతిని వాడుతున్నా డాక్టరుకు చూపించాలి. గడ్డ కట్టిందా, నాళం పగిలిందా అన్నది స్కానింగులోనే తెలుస్తుంది. గడ్డ అయితే రక్తం పలుచబరిచే మందు ఇస్తారు. నాళం పగిలినప్పుడు అదే మందు విషమౌతుంది. కనుక ఇంట్లో ఆస్పిరిన్ వేయరాదు, నోట్లో పసరూ పోయరాదు. కొడవలి కణాల జబ్బుకు రక్తం మారుస్తారు. మోయమోయకు తల చర్మంలోని నాళాన్ని మెదడు నాళానికి కలిపే ఆపరేషన్ వుంది. ఆ తరువాత నెలల తరబడి వ్యాయామ చికిత్స కావాలి. వేలూరులో 1966లో మొదలైన పునరావాస కేంద్రాన్ని నడిపిన డాక్టర్ మేరీ వర్గీస్, కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిన మనిషి. ఆమె ఐడా పెట్టిన కాలేజీలో చదువుకున్నదే.

నివారణా మన చేతిలోనిదే. పుట్టగానే వేసే బి.సి.జి. టీకా మెదడు క్షయ నుంచి పసిబిడ్డలను కాపాడుతుంది. మన దేశంలో ఆ టీకాలు 1948లో మొదలైన తొలి చోట్లలో మన మదనపల్లె ఒకటి. గుండె లోపం వున్న పిల్లలకు తిరుపతిలోనే శ్రీ పద్మావతి హృదయాలయం 2021లో తెరిచారు. ఇప్పుడు వేలూరు ఆసుపత్రి శాఖ మన గుడిపాల దగ్గరికే వచ్చింది. 108కి ఫోను చేస్తే బండి వాకిట్లోకి వస్తుంది.

ఇన్ని వున్నా మా వూరి పిల్లకాయకు మూడు దినాలు పోయినాయి. తిండివనంలో ఆ రాత్రి ఆడవాళ్ళకూ డాక్టరుకూ మధ్య నిలిచిన గోడలాంటిదే, పిల్లలకు పక్షవాతం రాదన్న ఈ నమ్మకమూ. ఐడా స్కడ్డర్ ఆ గోడను కూల్చడానికి బతుకంతా ఖర్చు పెట్టింది. మనం డాక్టర్లం కాకపోవచ్చు. సెలవులకు ఊరికి పోయినప్పుడు రచ్చబండ దగ్గర, బడి దగ్గర, బావి కాడ ఈ గుర్తులు చెప్పడానికి డాక్టరు పట్టా అక్కరలేదు. సైన్సు చదివిన రైతుబిడ్డలుగా అంతమాత్రం చేయగలిగితే, ఆ డాక్టరమ్మ రుణంలో ఒక వీసమైనా తీర్చుకున్నవాళ్ళమౌతాము.