రాగోదయ చిత్రకారుడు – దామెర్ల రామారావు

గోదావరి తీరాన వెలసిన రాజమహేంద్రవరానికి కవులూ పండితులూ కొత్తకాదు. నన్నయ కాలం నుండి ఆ నగరం తెలుగు అక్షరానికి పుట్టినిల్లు. అయితే 20వ శతాబ్ది ఆరంభం నాటికి పాండిత్యానికి దక్కిన మన్నన చిత్రలేఖనానికి దక్కేది కాదు. బొమ్మలు గీయడం భుక్తికి అక్కరకు రాని వ్యాపకమని పెద్దలు భావించేవారు. అట్టి కాలంలో, 1897 మార్చి 8న, దామెర్ల రామారావు ఆ ఊరిలో జన్మించారు.

చిన్ననాటి నుండి ఆయనకు పాఠాలకన్న బొమ్మల మీదనే మక్కువ ఎక్కువ. ఆ మక్కువను తప్పుగా ఎంచక ఆదరించిన వ్యక్తి ఆస్వాల్డ్ కూల్డ్రే. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడైన ఆ ఆంగ్లేయుడు స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజు వంటి ప్రతిభావంతులు ఆయన నీడలోనే ఎదిగారు. ఆయన రామారావును అజంతా గుహలకు తీసుకొని వెళ్లారు. అక్కడి గోడల మీద రాజులూ దేవతలూ మాత్రమే కాదు, అద్దం చూసుకొనే స్త్రీలు, చెలికత్తెలు, పరిచారికలు కూడా సజీవంగా నిలిచి ఉన్నారు. నిత్యజీవితంలోని చిన్న కదలిక సైతం మహాచిత్రానికి వస్తువు కాగలదని చెప్పడానికి అంతకన్న మంచి పాఠశాల మన దేశంలో మరొకటి లేదు.

1916లో రామారావు బొంబాయిలోని జె.జె. కళాపాఠశాలలో చేరారు. మానవ శరీర నిర్మాణాన్ని, వెలుగునీడలను పాశ్చాత్య పద్ధతిలో అభ్యసించి 1920లో చదువు ముగించారు. పిమ్మట కాఠియావాడ్ ప్రాంతంలో పర్యటించారు. కలకత్తా వెళ్లి బెంగాలీ చిత్రకారుల కృషిని పరిశీలించారు. ఆనాటి యువ చిత్రకారునికి ఎదురుగా రెండు దారులు ఉండేవి: ఒకటి ఐరోపావారి తైలవర్ణ చిత్రాలను అనుసరించడం, రెండవది బెంగాలీల వలె రంగులను పొగమంచులా కరిగించడం. రామారావు రెండింటినీ గౌరవించారు గాని, రెండింటిలో దేనికీ లొంగిపోలేదు. ఆయన పటాలలో రేఖ స్పష్టంగా, లలితంగా సాగుతుంది. రంగు ఆ రేఖకు అణగి ఉంటుంది.

ఆయన చిత్రాలలో ‘సిద్ధార్థ రాగోదయం’ ప్రసిద్ధమైనది. బుద్ధుని చిత్రించిన వారు అనేకులు. బోధివృక్షం, ధ్యానముద్ర, ధర్మచక్రం వారికి వస్తువులయ్యాయి. రామారావు మాత్రం ఇంకా బుద్ధుడు కాని సిద్ధార్థుని, అనురాగం అంకురించిన క్షణంలో పట్టుకొన్నారు. రాగమంటే ఎరుపు రంగు, రాగమంటే అనురాగం, ఉదయమనగానే తూర్పున పరచుకొనే అరుణకాంతి తోస్తుంది. చిత్రం పేరులోనే రంగూ ప్రేమా ఒక్కటైనాయి. రేపు ఈ యువకుడు అన్నింటినీ విడిచి వెళ్లబోతున్నాడన్న ఎరుక చూపరికి ఉంది, చిత్రంలోని వారికి లేదు. ఆ కోమల సన్నివేశంలోని వేదన అంతా ఇందులోనే ఉంది.

‘పుష్పాలంకరణం’లో పురాణగాథ కూడా లేదు. పూలతో సింగారించుకోవడం తెలుగు ఇళ్లలో ప్రతి సాయంత్రం జరిగే ముచ్చట. జడలో పూలు తురిమే చేతికి, తల వంచి నిలిచిన మనిషికి నడుమ మాటలు అక్కరలేని చనువు ఒకటి ఉంటుంది. 19వ శతాబ్ది చివర ఐరోపాలో ప్రతీకవాదులనే చిత్రకారులు కనబడే దృశ్యం ద్వారా కనబడని మనఃస్థితిని సూచించడానికి యత్నించారు. రామారావు ఆ సంప్రదాయానికి చెందినవారు కారు. అయినా ఒక సామాన్య క్షణంలో హృదయాన్ని చూపే విద్య ఆయనకు సహజంగా అబ్బింది.

1922లో కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగుని కథను చిత్రించిన పటానికి వైస్రాయి బహుమతి లభించింది. ఈ కీర్తితో ఆయన మహానగరంలో స్థిరపడవచ్చును. కాని సొంత ఊరికే మరలి, 1923లో చిత్రకళాశాలను నెలకొల్పి, ఆంధ్రులకు తమదైన చిత్రకళ ఉండాలని పాటుపడ్డారు. ఇంటిలోనూ ఆయన గురువే. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టి చిత్రకారిణులైనారు. స్త్రీ చిత్రానికి వస్తువుగా మాత్రమే ఉన్న రోజులలో, ఆ ఇంటి స్త్రీలు చిత్రకర్తలు కావడం చిన్న విషయం కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను బలిగొన్నది. అప్పటికి 28 ఏండ్లు నిండలేదు. కళాశాల భారాన్ని మిత్రుడు వరదా వెంకటరత్నం తన భుజాలపై వేసుకొన్నారు. రామారావు పటాలు, చిత్తు బొమ్మల పుస్తకాలు ఆయన పేరిట రాజమహేంద్రవరంలో వెలసిన చిత్రశాలకు చేరాయి. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ ఆయన మరణానంతరం కూడా కుంచె వదలలేదు.