ఎముకను కరగించు కణము, డాక్టరు సుబ్బారావుగారు

ఎముక ఱాయివలె స్థిరమైనదని మనము తలతుము. కాని సూక్ష్మదర్శినితో పరిశీలించినవారికి అది నిత్యము కరగుచు, నిత్యము కట్టబడుచున్నట్లు తెలియును. కరగించు పని ఆస్టియోక్లాస్టు అను పెద్ద కణమునది. మజ్జలో పుట్టిన చిన్న కణములు అనేకము కలిసి ఇట్లు ఒక్కటియగును. కావుననే దానియందు పలు కేంద్రకములు కానవచ్చును. మన రేవులో ఓడ గట్టున కానినట్లు అది ఎముకను గట్టిగా అంటుకొని, ముడుతలుపడిన అంచునుండి ఆమ్లమును వదలును. ఎముకయందలి కాల్షియము, ఫాస్ఫేటు అందు కరగిపోవును. ఆ ఆమ్లమును తోడుటకు కణమునకు శక్తినిచ్చునది ఏ.టి.పి. అను పదార్థము. దానిని కనుగొన్నవారిలో మన ఆంధ్రుడొకరు గలరు. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వీరు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమంతయు లేమితోనే గడచినది. అన్నగారు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించిరి. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే పొందిరి. మన విశాఖపట్నమున వైద్య కళాశాల వెలసిన 1923వ సంవత్సరముననే వీరు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచట ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు చదువుకొనిరి.

1925లో సైరస్ ఫిస్కెగారితో కూడి, ద్రవమునందలి ఫాస్ఫరసును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. రక్తమందలి ఫాస్ఫేటును కొలుచుటకు అది లోకమంతట వాడుకలోనికి వచ్చినది. అదే కొలతతో కండరములను శోధించి, 1929లో ఏ.టి.పి.ని కనుగొనిరి. జర్మనీలో లోమన్‌గారును ఆ యేటనే దానిని వేరుగా కనుగొనిరి.

ఇంత చేసినను హార్వర్డు విశ్వవిద్యాలయమున వీరికి స్థిరమైన పదవి లభింపలేదు. వీరు నిరాశపడక 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. 1945లో వీరి బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అన్నగారిని బలిగొన్న స్ప్రూవ్యాధికే అది ఔషధమైనది! అటుపిమ్మట వెలువడిన మెథోట్రెక్సేటు మొదట రక్తపు క్యాన్సరునకు వాడబడినది; నేడు కీళ్లవాత రోగులయందు వాపును తగ్గించి, ఆస్టియోక్లాస్టులు ఎముకను తినివేయుటను కూడ అరికట్టుచున్నది.

1948 ఆగష్టులో, 53 ఏండ్ల ప్రాయముననే వీరు కన్నుమూసిరి. నోబెలు బహుమానము వీరిని వరింపలేదు. కాని బిరుదులు లెక్కించువారికంటె రోగులు మేలైన సాక్షులు. విద్యార్థులారా, ప్రయోగశాలలో ద్రావణము నీలివర్ణము దాల్చునపుడు ఈ ఆంధ్రుని ఒక్కమారు తలపోయుదము. కొలత సరిగా నేర్చుకొనుటయే గొప్ప పనికి తొలిమెట్టని గ్రహింతము.