ఫ్రెడ్డీ మెర్క్యురీ

ఫ్రెడ్డీ మెర్క్యురీ (సెప్టెంబరు 5, 1946 - నవంబరు 24, 1991) ప్రసిద్ధ బ్రిటిష్ రాక్ గాయకుడు, గీత రచయిత, పియానో వాద్యకారుడు. క్వీన్ అనే రాక్ బృందానికి ప్రధాన గాయకునిగా ప్రపంచ ఖ్యాతి పొందాడు. ఇతని అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. తల్లిదండ్రులు గుజరాత్ మూలాలు గల పార్శీలు. 1991 ఫిబ్రవరిలో విడుదలైన ఇన్యుయెండో, ఇతను జీవించి ఉండగా వెలువడిన చివరి క్వీన్ స్టూడియో ఆల్బమ్. ఎయిడ్స్ వ్యాధితో శరీరం క్షీణిస్తున్న కాలంలో పాడిన ఆ పాటలు ఇతని గాత్రానికి శిఖర స్థాయి ఉదాహరణలుగా పేరు పొందాయి.

బాల్యం, విద్యాభ్యాసం

ఫరోఖ్ 1946లో, అప్పట్లో బ్రిటిష్ రక్షణలో ఉన్న జాంజిబార్ ద్వీపంలోని స్టోన్ టౌన్‌లో జన్మించాడు. ఈ ద్వీపం ప్రస్తుతం టాంజానియాలో భాగం. తండ్రి బోమీ బుల్సారా ప్రభుత్వ కార్యాలయంలో క్యాషియరుగా పనిచేసేవాడు. తల్లి జెర్. ఇతనికి కశ్మీరా అనే చెల్లెలు ఉంది. కుటుంబం జొరాస్ట్రియన్ మతాన్ని ఆచరించేది.

ఎనిమిదేళ్ళ వయసులో ఇతనిని చదువు కోసం భారతదేశానికి పంపి, పంచ్‌గనిలోని సెయింట్ పీటర్స్ పాఠశాలలో చేర్పించారు. పంచ్‌గని ప్రస్తుత మహారాష్ట్రలోని కొండ ప్రాంతపు ఊరు. వసతిగృహంలో ఉంటూ పియానో నేర్చుకున్నాడు. తోటి విద్యార్థులతో కలిసి హెక్టిక్స్ అనే బృందాన్ని ఏర్పరచి పాశ్చాత్య రాక్ పాటలు వాయించేవాడు. ఫ్రెడ్డీ అనే పేరు ఇక్కడే స్థిరపడింది.

1963లో జాంజిబార్‌కు తిరిగి వెళ్ళాడు. 1964లో అక్కడ విప్లవం చెలరేగడంతో కుటుంబం ఇంగ్లాండుకు వలస వెళ్ళి, లండన్ సమీపంలోని ఫెల్తామ్‌లో స్థిరపడింది. ఫ్రెడ్డీ ఈలింగ్ కళాశాలలో గ్రాఫిక్ కళను అభ్యసించి 1969లో డిప్లొమా పొందాడు.

క్వీన్ బృందం

1970లో గిటార్ వాద్యకారుడు బ్రయాన్ మే, డ్రమ్స్ వాద్యకారుడు రోజర్ టేలర్‌లతో కలిసి కొత్త బృందాన్ని ప్రారంభించాడు. దానికి క్వీన్ అనే పేరు సూచించినది ఫ్రెడ్డీయే. ఆ కాలంలోనే తన ఇంటిపేరును మెర్క్యురీగా మార్చుకున్నాడు. 1971లో బేస్ గిటార్ వాద్యకారుడు జాన్ డీకన్ చేరడంతో బృందం పూర్తయింది. సభ్యుల రాశిచిహ్నాల ఆధారంగా బృందపు ముద్రను కూడా ఫ్రెడ్డీయే రూపొందించాడు.

1975లో విడుదలైన బొహీమియన్ రాప్సొడీ ఇతనికి మిక్కిలి పేరు తెచ్చిన రచన. సుమారు ఆరు నిమిషాల ఈ పాటలో మెల్లని గీతం, ఒపేరా శైలి, కఠినమైన రాక్ ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. ఇది బ్రిటన్‌లో తొమ్మిది వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. 1985 జూలై 13న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, ఇథియోపియా కరువు బాధితుల సహాయార్థం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో క్వీన్ ప్రదర్శన చరిత్రాత్మకమైనదిగా పరిగణించబడుతోంది. 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో జరిగిన కచేరీ ఫ్రెడ్డీతో క్వీన్ చేసిన చివరి కచేరీ అయింది.

అనారోగ్యం

1987లో ఫ్రెడ్డీకి హెచ్.ఐ.వి. సోకినట్లు నిర్ధారణ అయింది. ఈ వైరస్‌ను సమర్థవంతంగా అదుపు చేయగల మిశ్రమ ఔషధ చికిత్స 1996 ప్రాంతంలో గాని వాడుకలోకి రాలేదు. రోగులను సమాజం వెలివేసినట్లు చూసే రోజులవి. ఫ్రెడ్డీ విషయాన్ని అతి కొద్దిమంది ఆత్మీయులకే తెలియజేశాడు. బృంద సభ్యులు తమకు తెలిసిన తరువాత కూడా దానిని రహస్యంగానే ఉంచారు. పర్యటనలు ఆగిపోవడానికి గల అసలు కారణం అభిమానులకు తెలియలేదు. 1990 ఫిబ్రవరిలో బ్రిట్ పురస్కారాల సభలో బృందంతో పాటు వేదికపైకి వచ్చినపుడు అతడు బాగా చిక్కిపోయి కనిపించాడు. పత్రికలలో ఊహాగానాలు పెరిగాయి.

ఇన్యుయెండో

ఇన్యుయెండో రికార్డింగు 1989 మార్చి నుండి 1990 నవంబరు వరకు లండన్‌లోని మెట్రోపొలిస్ స్టూడియోలోను, స్విట్జర్లాండులోని మాంట్రూ పట్టణంలో గల మౌంటెన్ స్టూడియోలోను జరిగింది. బృందంతో పాటు డేవిడ్ రిచర్డ్స్ నిర్మాణ బాధ్యత వహించాడు. ఫ్రెడ్డీ ఓపిక ఉన్న రోజులలో వచ్చి పాడేవాడు. పాటల రచయితలుగా విడివిడి పేర్లు కాక బృందం పేరు మాత్రమే ప్రకటించారు. 1989 నాటి ది మిరకిల్ ఆల్బమ్‌తో ఈ పద్ధతి మొదలైంది.

ఆరు నిమిషాలకు పైగా సాగే శీర్షిక గీతం మధ్యలో స్పెయిన్ దేశపు ఫ్లమెంకో గిటార్ వినిపిస్తుంది. యెస్ బృందానికి చెందిన స్టీవ్ హౌ ఇందులో అతిథిగా వాయించాడు. ఈ పాట, ఆల్బమ్ రెండూ బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందాయి. ఆల్బమ్‌లో వేదనతో పాటు హాస్యానికీ చోటున్నది. ఫ్రెడ్డీ తన పెంపుడు పిల్లి డిలైలాపై ఒక సరదా పాట కూడా రాశాడు.

చివరి పాట ది షో మస్ట్ గో ఆన్ ప్రధానంగా బ్రయాన్ మే రచన. వేషం వెనుక బాధను దాచుకొని ప్రదర్శన కొనసాగించే కళాకారుని గురించి ఉన్న ఈ పాటలో స్వరాలు చాలా ఎత్తున సాగుతాయి. నడవడమే కష్టంగా ఉన్న ఫ్రెడ్డీ దీనిని పాడగలడా అని మే సందేహించాడు. ఫ్రెడ్డీ కొంత వోడ్కా సేవించి, స్వరం ఎక్కడా సడలకుండా పాడాడు. ఈ పాట 1991 అక్టోబరులో సింగిల్‌గా విడుదలైనపుడు, అతను నటించే స్థితిలో లేనందున పాత దృశ్యాలను కూర్చి వీడియో తయారుచేశారు.

ఆఖరి రోజులు

1991 మే 30న దీజ్ ఆర్ ది డేస్ ఆఫ్ అవర్ లైవ్స్ పాటకు జరిగిన చిత్రీకరణ కెమెరా ముందు ఇతని చివరి పని. అనారోగ్యం స్పష్టంగా కనిపించకుండా వీడియోను నలుపు తెలుపులలో విడుదల చేశారు. అదే కాలంలో మాంట్రూలో మదర్ లవ్ అనే పాట పాడుతూ చివరి చరణం పూర్తి చేయలేకపోయాడు. ఆ చరణాన్ని తరువాత మే పాడాడు.

1970లలో సహచరిగా ఉన్న మేరీ ఆస్టిన్ చివరి వరకు ఆప్తురాలిగా నిలిచింది. చివరి సంవత్సరాలలో భాగస్వామి జిమ్ హట్టన్ ఇతనికి తోడుగా ఉండి సేవలు చేశాడు. 1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉన్నట్లు ఫ్రెడ్డీ బహిరంగ ప్రకటన విడుదల చేశాడు. మరునాడే లండన్‌లోని స్వగృహంలో, ఎయిడ్స్ వలన వచ్చిన శ్వాసకోశ న్యుమోనియాతో మరణించాడు. వయసు 45 సంవత్సరాలు. అంత్యక్రియలు జొరాస్ట్రియన్ సంప్రదాయం ప్రకారం జరిగాయి.

మరణానంతరం

1991 డిసెంబరులో బొహీమియన్ రాప్సొడీ తిరిగి విడుదలై మళ్ళీ బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందింది. దానిపై వచ్చిన ఆదాయాన్ని ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేసే టెరెన్స్ హిగిన్స్ ట్రస్టుకు ఇచ్చారు. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో సంస్మరణ కచేరీ జరిగింది. దాని ఆదాయంతో ఎయిడ్స్‌పై పోరాటానికి మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు ఏర్పడింది. ఫ్రెడ్డీ చివరి రోజులలో పాడి ఉంచిన భాగాలను, అంతకుముందు రికార్డు చేసిన మరికొన్ని పాటలను మిగిలిన ముగ్గురు పూర్తి చేసి 1995లో మేడ్ ఇన్ హెవెన్ ఆల్బమ్‌గా తెచ్చారు. 1996లో మాంట్రూలో సరస్సు ఒడ్డున ఇతని కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 2018లో వచ్చిన బొహీమియన్ రాప్సొడీ చలనచిత్రంలో ఇతని పాత్ర ధరించిన రామీ మాలెక్ ఉత్తమ నటునిగా ఆస్కార్ పురస్కారం అందుకున్నాడు.